యాభై రెండో గది

పరుగు 1

బోర్డుల కొట్టంలో ఒక కట్టడి ఉంది. కంప్యూటరు చేత పని చేయించే స్క్రిప్టును ఎవరు పరిగెత్తించినా, ఆ పరుగులో ఏం జరిగిందో ఈ పుస్తకంలో చేత్తో రాయాలి. కింద సాక్షి సంతకం చేయాలి. పుస్తకం గోడ మేకుకు తాడుతో వేలాడుతుంటుంది. నాకు ముందు రాసినవాళ్ళంతా "బాగా నడిచింది" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. ఏం నడిచింది, ఎట్లా నడిచింది, ఎవరికీ తెలియదు. నేను అట్లా రాయను. చదివేవాళ్ళకి విసుగొస్తే పేజీ తిప్పుకోండి.

నా పేరు సుంకమ్మ. ఇరవై ఒక్కేళ్ళు. ఉండేది ఈ రాతిగుంత అడుగున తొలిచిన మూడో అరలో. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పైన తుక్కు కుప్పలో దొరికిన, ముందూ వెనకా పేజీలు చిరిగిపోయిన పుస్తకాలు రెండేళ్ళు చదివి నేర్చుకున్నాను. కొట్టం పెద్ద మద్దిలేటన్న నన్ను అడిగిన మొదటి మాట: "ఎవురు నేర్పినారమ్మే నీకు?"

"ఎవురూ నేర్పలే."

"మరి ఎట్లొస్తాది?"

వచ్చిన పని కళ్ళ ముందర నిలబడి ఉందన్నా, ఇంకా ఎట్లా రావాలి?

పని ఏమిటంటే. ఒక్కో అరకీ గాలి మరలు ఉన్నాయి, మొత్తం అరవై మూడు. మర తిరగాలన్నా, ఆగాలన్నా, తలుపు తెరుచుకోవాలన్నా చెప్పేది దాని బోర్డు మీది చిప్పు. చిప్పు లోపల వందల గదులుంటాయి, ప్రతి గదికీ ఒక నంబరు. ఏ గదిలో ఏ అంకె వేస్తే ఏం జరుగుతుందో, చిప్పు చేసినవాళ్ళ పుస్తకంలో ఉంటుంది. ఆ నంబర్లు మనిషి బుర్రలో నిలవవు కాబట్టి, ఒక్కోదానికి ఒక పేరు పెట్టి జాబితా రాసుకుంటాం. ఆ జాబితానే హెడరు. హెడరులో ఒక్క నంబరు తప్పితే, ఫ్యాను తిప్పమని చెప్పిన మాట తలుపు దగ్గరికి పోతుంది.

కొత్త చిప్పులు చేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరు. తుక్కులో దొరికిందే మనది. కొత్త రకం దొరికిన ప్రతిసారీ మొత్తం హెడర్లు మళ్ళీ రాసుకుని, అరవై మూడు బోర్డుల్లోకీ ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాలి. నలభై ఏళ్ళుగా ఆ రాత పని చేసింది దస్తగిరమ్మవ్వ. చేత్తో. ఒక్కోసారి ఆరు వారాలు పట్టేది.

నా స్క్రిప్టు చిప్పు పుస్తకంలోని పట్టికలు చదివి, నంబరూ పేరూ విడదీసి, హెడర్లన్నీ తనే రాసేస్తుంది. ఇవాళ మొదటి పరుగు. పదకొండు సెకన్లు.

ప్రతి హెడరు మొదటి వరసలో ఇట్లా రాయించాను: "ఇది మర రాసింది. చేత్తో ముట్టుకోకూడదు."

సాక్షి: మద్దిలేటి

పరుగు 2

నిన్నటి పరుగులో పదిహేడు పేర్లు రెండేసిసార్లు వచ్చాయి. తప్పు నాదే. దిద్దాను.

అవ్వ వచ్చి నా పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఆమె కళ్ళకు పొర కమ్మింది. తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత చేసుకుని, ముక్కు ఆనించి చదువుతుంది. చదివినాక తెర మీద ముక్కు మచ్చ మిగులుతుంది, దాన్ని నేను తుడుస్తూ ఉండాలి.

"నా పేర్లన్నీ యాడికి పోయినాయే సుంకీ?"

ఆమె హెడర్లలో గదుల పేర్లు "మొండోడు", "నిద్రమొహంది", "రెండుసార్లు చెప్తేనే వినేవాడు" అని ఉండేవి. అరవై ఏళ్ళు దాటిన మనిషి! నేను చిప్పు పుస్తకంలోని పేర్లు పెట్టించాను. అదే చెప్పాను.

"పెట్టుకోలే," అంది. "నాలుగో అర చిప్పుకు మాత్రం పుస్తకం నమ్మొద్దు పాపా. అది తప్పు చెప్తాది."

"ఏం తప్పు? చూపించు."

"చూపియ్యను."

ఇక్కడ ఇంకో కట్టడి ఉంది. చిప్పు పుస్తకంలో తప్పుందని ఊరికే అంటే కుదరదు. సాక్షుల ముందు మూడుసార్లు అదే విధంగా మర చెడిపోవాలి. ముమ్మారు అంటారు. ముమ్మారు దాటితేనే దిద్దుబాటు చెల్లుతుంది, లేకపోతే పుస్తకం మాటే మాట. మంచి కట్టడే. నోటి మాట మీద బోర్డులు నడిపితే ఈ రాతిగుంతలో అందరం ఎప్పుడో చచ్చేవాళ్ళం.

"ముమ్మారు చేసి చూపించు అవ్వా, ఈ క్షణమే స్క్రిప్టు మారుస్తా."

"చూపియ్యనని చెప్తి గదనే," అని పీట ఎత్తుకుని పోయింది.

చూపించలేనివాళ్ళు అట్లానే అంటారు.

సాక్షి: మద్దిలేటి

పరుగు 14

ఎవరో ముట్టుకున్నారు.

కొత్త పరుగుకి ముందు పాత హెడర్లని స్క్రిప్టు ఒకసారి సరిచూసుకునేలా రాశాను. నాలుగో అర హెడరులో ఒక వరస తేడా చూపించింది. నలభై ఎనిమిదో గది ఉండాల్సిన చోట యాభై రెండో గది అని ఉంది. వెనక్కి పోయి చూస్తే పరుగు 3 నుంచీ ఇదే. నేను పరిగెత్తిస్తాను, మర రాస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ఆ ఒక్క వరసా మారిపోయి, నాలుగో అర బోర్డుకి మళ్ళీ ప్రోగ్రాం ఎక్కి ఉంటుంది. కొత్త పరుగు దాన్ని తుడిచేస్తుంది. మళ్ళీ మారుతుంది.

అదంతా పడక పొద్దులో జరిగింది. పైన బండ కాలిపోయే మధ్యాహ్నం వేళ, అందరం నిద్రపోతాం కదా, అప్పుడు. తెర చూశాను. నట్టనడుమ ముక్కు మచ్చ.

ముట్టుకోకూడదని మొదటి వరసలోనే రాశాను. తెలుగులోనే రాశాను!

అవ్వ దగ్గరికి పోయి అరిచాను. అవ్వ రొట్టె తట్టుతా ఉంది. అంతా విని, పెనం మీది జొన్నరొట్టె తీసి, మాడిన అంచులు తను ఉంచుకుని, మెత్తటి నడిమి ముక్క నా చేతిలో పెట్టింది.

"తిను. కడుపు మాడ్చుకుని అరిస్తే గొంతు చెడతాది."

తిన్నాను. కోపం పోలేదు. రొట్టె బాగుందని మాత్రం రాయాలి, ఇది నిజాలు రాసే పుస్తకం.

సాక్షి: మద్దిలేటి ("నీ రొట్టె కతకు నేను సాక్షేందే" అంటూనే చేశాడు)

పరుగు 23

మా అక్క ఉరుకుందమ్మ నాలుగో అరకు మారింది. నాలుగోది పురిటి అర. అన్నిటికన్నా లోపల, అన్నిటికన్నా చల్లన. దానికి ఒకటే పెద్ద గాలి మర, ఒకటే బోర్డు. అక్కకు ఏడో నెల. బిడ్డ తొందరపడేట్లుందని మంత్రసాని ముందుగానే పడుకోబెట్టింది.

"నీ స్క్రిప్టుకు చెప్పవే, నా బిడ్డను కూడా పదకొండు సెకన్లలో కని పెట్టమని," అంది అక్క.

"చెప్తాలే. మొదటి వరసలో ముట్టుకోకూడదని రాసి పుడతాది."

అవ్వ రెండో అరలో జ్వరంతో పడి ఉంది. ముక్కు మచ్చలు లేవు, వరసలు మారలేదు. హాయి.

సాక్షి: మద్దిలేటి

పరుగు 23, ఎనిమిదో రోజు

నాలుగో అర మర ఆగిపోయింది.

ఇరవై రెండు నిమిషాలు. మర ఆగడమే కాదు, అర తలుపు కూడా తనంతట తను మూసుకుంది. గడ్డపారతో తెరిచాం. లోపల ముగ్గురు గర్భిణులు. మంత్రసాని చాటతో విసురుతా ఉంది, అక్క గోడకు ఆనుకుని నోటితో గాలి తీస్తా ఉంది. బోర్డు ఆపి, మళ్ళీ పెడితే మర తిరిగింది.

కారణం దొరకలేదు. తీగ ఒకటి వదులుగా ఉంది, బిగించాను. తీగ వదులు అని రాస్తున్నాను.

రెండు రోజుల తర్వాత ఇది కలిపి రాస్తున్నాను: అవ్వ జ్వరం దిగి, ఊగుతా నడిచొచ్చింది. మర ఆగిందని విని ఒకటే అడిగింది: "ఎన్ని నిమిషాలు?" చెప్పాను. ఆ మధ్యాహ్నమే తెర మీద మళ్ళీ ముక్కు మచ్చ. తుడిచాను. ముసలామెతో ఎంతని పోట్లాడను?

సాక్షి: మద్దిలేటి

పరుగు 31

ఇక చాలు. కొత్త చిప్పు వచ్చింది కాబట్టి మొత్తం మళ్ళీ రాయించాను, ఈసారి హెడర్లకి తాళం వేశాను. నా మాట తప్ప ఇంకెవరి మాటా వినవు.

పడక పొద్దులో కావాలని నిద్రపోకుండా, చిప్పుల బీరువా వెనక నక్కి చూశాను. అవ్వ వచ్చింది. పీట వేసుకుంది. తెరకు ముక్కు ఆనించింది. వేళ్ళు మీటల మీద వెతుక్కుంటూ ఎంతో సేపు కొట్టింది. తాళం పడి ఉందని అర్థమయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయటికొచ్చాను.

"ఏం వెతుకుతాండావు అవ్వా?"

ఉలిక్కిపడలేదు. "తాళం తియ్యే పాపా. ఒకే ఒక గీత. నీ మర రాసిన మిగిలిందంతా బాగుంది. నాకన్నా బాగా రాసింది."

"ముమ్మారు."

"నువ్వు నాకు మనవరాలి లెక్క. అడుక్కుంటా ఉండా అనుకో."

నా చెయ్యి మీటల దాకా పోయింది. కానీ తీయలేదు. రెండేళ్ళు నేను అడుక్కుంటే ఒక్కరు ఒక్క పుస్తకం ఇచ్చారా?

సాక్షి: మద్దిలేటి

పరుగు 31, ఆరో రోజు

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. కేజీన్నర కూడా లేదు, నా రెండు అరచేతుల్లో సరిపోయింది. ఏడుపు పిట్ట గొంతు. గోళ్ళు బియ్యపు నూకల్లా ఉన్నాయి, అన్ని వేళ్ళకీ ఉన్నాయి, లెక్కపెట్టాను. నలభై రోజులు ఈ అర దాటించకూడదు, పక్క అర వేడికి కూడా తట్టుకోదు అని మంత్రసాని చెప్పింది.

పరుగుల పుస్తకంలో ఇది ఎందుకు రాశావని ఎవరైనా అడిగితే, నా ఇష్టం.

పరుగు 31, ఎనిమిదో రోజు

మళ్ళీ ఆగింది. తలుపు మళ్ళీ మూసుకుంది. పందొమ్మిది నిమిషాలు.

బిడ్డ పెదాలు నీలంగా మారాయి. నేను గడ్డపార పట్టుకుని తలుపును కొడుతున్నప్పుడు లోపల అక్క నన్ను పేరు పెట్టి పిలుస్తా ఉంది. అరవడం లేదు, మామూలుగా, ఇంట్లో నీళ్ళు తెమ్మని పిలిచినట్లు, "సుంకీ... సుంకీ..." అని. ఆ గొంతు ఇప్పటికీ వినబడుతోంది.

బిడ్డ బతికింది. మంత్రసాని నోట్లో నోరు పెట్టి ఊదింది.

బయటికొచ్చి, అందరి ముందూ, అవ్వను అన్నాను. "నువ్వు కెలికినందుకే! నలభై ఏళ్ళు కెలికి కెలికి ఆ బోర్డును చెడగొట్టినావు!" అవ్వ నా వైపు ఆ పొర కమ్మిన కళ్ళతో చూసి, "ఎన్ని నిమిషాలు?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మద్దిలేటన్న అవ్వను ఇంక కొట్టంలోకి రావద్దని చెప్పి, ఆమె పీట తీసి సామాన్ల గదిలో పడేశాడు.

తీగ మళ్ళీ వదులైందని రాస్తున్నాను. నిజానికి వదులుగా లేదు. వేరే ఏం రాయాలో తెలియక రాస్తున్నాను.

సాక్షి: మద్దిలేటి

పరుగు 32

అదే రోజు. హెడర్లన్నీ చెరిపి, మళ్ళీ మొదటి నుంచీ రాయించాను. అరవై మూడు బోర్డులకీ ఎక్కించాను. చిప్పు పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు. ఒక్క అక్షరం మీద కూడా మనిషి చెయ్యి పడలేదు.

సాక్షి: మద్దిలేటి

పరుగు 32, మూడో రోజు

అవ్వ కొట్టం గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు. రావద్దన్నారు కదా.

"ఎనిమిదో దినం మళ్ళీ ఆగుతాది పాపా."

"శాపం పెడతాండావా?"

మద్దిలేటన్నతో కూడా చెప్పిందట. "పుస్తకంలో ల్యా గదమ్మా" అన్నాడట ఆయన.

కొట్టంలో పీట లేని చోటు బోసిగా ఉంది. తెర శుభ్రంగా ఉంది. తుడవడానికి ఏమీ లేక, అయినా తుడిచాను.

పరుగు 32, ఏడో రోజు

అక్క దగ్గరికి పోతే అక్కడ అవ్వ ఉంది. పొద్దున్నే చాట, తడి బట్టలు, నీళ్ళ కుండ తెచ్చుకుని బిడ్డ తల దగ్గర దిగబడింది. నీకిక్కడ ఏం పని అని అడిగాను.

"ఉండనీలేవే," అంది అక్క. "నీ మాదిరి గోళ్ళు లెక్కపెట్టకుండా పిల్లను పట్టుకుంటాది."

తలుపు సందులో ఒక నాపరాయి బండ అడ్డంగా పెట్టి ఉంది. తలుపు మూసుకోకుండా. ఇద్దరు మనుషులు మోయాల్సిన బండ. ఎవరు పెట్టారంటే, అవ్వే పక్క అరవాళ్ళను బతిమాలి పెట్టించిందని చెప్పారు.

ఎందుకు?

పరుగు 32, ఎనిమిదో రోజు

ఆగింది.

పొద్దు నడినెత్తికి రాక ముందు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. మర చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోతుంటే మేమందరం మర వైపు తిరిగాం. అవ్వ చెయ్యి మాత్రం అప్పటికే కదులుతా ఉంది. చాట అప్పటికే ఊగుతా ఉంది. మర ఆగిన తర్వాత మొదలుపెట్టలేదు, ఆగకముందే మొదలుపెట్టింది. తలుపు వచ్చి బండకు తగిలి ఆగిపోయింది. సందులోంచి మూడో అర గాలి వస్తా ఉంది. బిడ్డ కనీసం నిద్ర కూడా లేవలేదు.

పదిహేను నిమిషాలకు బోర్డు ఆపి, మళ్ళీ పెట్టి, మర తిరిగినాక, వచ్చి అవ్వ ముందు కూలబడ్డాను.

"నీకెట్ల తెలుసు?"

"ఎనిమిది దినాలాయె గదా."

తర్వాత చెప్పింది. చాట ఊపడం ఆపకుండానే. విన్నది విన్నట్లు రాస్తున్నాను:

"ఈ చిప్పు మనుషులుండే చోటికి చేసింది కాదు పాపా. పాతకాలం గోడౌన్లకు చేసింది. ఎనిమిది దినాల్లో ఒక్కసారన్నా ఎవరో ఒకరు 'ఉండాము' అని ఒక గదిలో రాయాల. రాయకపోతే లోపల ఎవురూ ల్యారనుకుని, మర ఆపి తలుపు మూస్తాది. బోర్డులోని ప్రోగ్రాం ఆ మాట దినామూ రాస్తాది గానీ, హెడరు చెప్పిన గదిలోనే రాస్తాది. ఆ గది నలభై ఎనిమిదని పుస్తకంలో ఉంది. నలభై ఎనిమిదిలో రాస్తే గాలికి రాసినట్లే. నలభై ఏళ్ళ కింద మొదటిసారి ఆగినప్పుడు నాకు నీ వయసు. రెండోసారి ఆగినాక, ఇంగ ఇక్కడే కూచుంటి. దినామూ అన్ని గదుల్లో ఉండే అంకెలు చదివి గోడ మీద బొగ్గుతో రాసుకుంటి. ఒకే ఒక గదిలో దినానికొకటి తగ్గుతా వచ్చె. ఎనిమిది, ఏడు, ఆరు. యాభై రెండో గది. అంకె ఒకటికి వచ్చిన దినం అందులో 'ఉండాము' అని రాస్తి. మళ్ళా ఎనిమిదాయె."

"మరి ఎందుకు చెప్పలే పెద్దలకి?"

"చెప్పకేం. రెండుసార్లే ఆగింది, ముమ్మారు కాలేదనిరి. మూడోసారి ఆపి చూపియ్యమనిరి." చాట చేయి మార్చుకుంది. "లోపల పురిటి మనిషి పండుకోనుండె, పక్కన తొమ్మిది దినాల బిడ్డ. నా మాట నిలబెట్టుకునేకి వాళ్ళ గాలి ఆపేదా? ఆపలే. అప్పట్నుంచి ఊరక నేనే దిద్దుకుంటా వస్తి. నలభై ఏళ్ళు ఏమీ కాలే గదా."

"ఎవరా బిడ్డ?"

అవ్వ నవ్వింది. "ఇప్పుడు నా పీట ఎత్తి సామాన్ల గదిలో పడేసినాడు చూడు, వాడే."

నేను ఏడ్చానని రాయను. అక్క చూసింది, అది చాలు.

సాక్షి: ఉరుకుందమ్మ (ఇంకెవరూ దగ్గర లేరు)

అదే రోజు, సాయంత్రం

నాలుగో అర హెడరులో ఆ వరస చేత్తో మార్చి, బోర్డుకి ఎక్కించాను. ముందు బిడ్డకు గాలి, తర్వాత కట్టడి. ఇది కట్టడి మీరడమే, నేనే మీరాను, రాస్తున్నాను.

కానీ చేత్తో మార్చింది రేపటి పరుగులో పోతుంది. పోకుండా ఉండాలంటే స్క్రిప్టు లోపల దిద్దుబాటు పెట్టాలి. దానికి ముమ్మారు కావాలి.

ఈ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పుతా కూర్చున్నాను. పరుగు 23, అవ్వకు జ్వరం, దిద్దలేదు, ఎనిమిదో రోజు ఆగింది. పరుగు 31, నా తాళం, దిద్దలేదు, ఎనిమిదో రోజు ఆగింది. పరుగు 32, అవ్వను గెంటేశాం, దిద్దలేదు, ఎనిమిదో రోజు ఆగింది. రోజులు ఉన్నాయి. నిమిషాలు ఉన్నాయి. సాక్షి సంతకాలు ఉన్నాయి.

అవ్వ నలభై ఏళ్ళు చేయనని మొండికేసిన పని, నేను తెలియకుండా చేసి పెట్టాను. నా చేత్తోనే రాసి పెట్టాను.

అయితే ఒకటి. ఈ మూడూ ముమ్మారు కింద చెల్లాలంటే, తీగ వదులు అని రాసింది అబద్ధమని, మర ఆగింది నా పరుగుల వల్లేనని నేను ఒప్పుకోవాలి. గాలి ఆపినవాళ్ళు ఏడాది పాటు బోర్డు ముట్టకూడదు. పైన గుంత నోటి దగ్గర దుమ్ము జల్లెడలు దులపాలి. అది కూడా కట్టడే.

పరుగు 33

అందరి ముందూ చదివాను. మొదటి పేజీ నుంచి. రొట్టె దగ్గర నవ్వారు. ముట్టుకోకూడదని తెలుగులోనే రాశాను అన్న చోట ఇంకా నవ్వారు. పరుగు 31 దగ్గర ఎవరూ నవ్వలేదు.

చదవక ముందు మద్దిలేటన్న నన్ను పక్కకు పిలిచాడు. "ఎందుకమ్మే ఇదంతా? తీగ వదులని రాసినావు, అట్లనే ఉండనీ. ఆ గీత ఊరక చేత్తో దిద్దుకుందాం, అవ్వ దిద్దినట్ల. నువ్వు లేకపోతే ఈ స్క్రిప్టు ఎవురు చూసుకుంటారు?"

"అవ్వ పోయినాక ఎవురు దిద్దుతారన్నా?"

"నువ్వు."

"నేను పోయినాక?"

నేను చదివాను.

అవ్వ చెప్పిన మాట చదివినప్పుడు, తొమ్మిది దినాల బిడ్డ దగ్గరికి వచ్చి ఒకసారి ఆగాను. తర్వాతి వాక్యం చదవాలా వద్దా తెలియలేదు. కానీ ఇది నిజాలు రాసే పుస్తకం. చదివాను. మద్దిలేటన్న లేచి సామాన్ల గదిలోకి పోయాడు. ముక్కాలి పీట చంకన పెట్టుకుని వచ్చాడు. తన తువ్వాలుతో దుమ్ము తుడిచి, తెర ముందు వేసి, అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వాళ్ళమ్మ కూడా ఇంతే," అంది అవ్వ నాతో. "చెప్పాల్సింది చెప్పక తుడుస్తా కూచుంటాది."

పెద్దలు ముమ్మారు చెల్లిందన్నారు. నాకు ఏడాది జల్లెడలు. రేపటి నుంచి.

ఇవాళ ఒక్క పరుగు నాది. స్క్రిప్టుకి రెండో పుస్తకం చదవడం నేర్పాను. మొదట చిప్పు పుస్తకం, తర్వాత దిద్దుబాట్ల పుస్తకం. రెండింటికీ పోట్లాట వస్తే రెండోదాని మాటే మాట. రెండో పుస్తకంలో ప్రస్తుతానికి ఒకటే వరస. ఆ గదికి పేరేం పెట్టమంటావని అవ్వను అడిగాను. చిప్పు పుస్తకం పేరే ఉండనీ అంటుందనుకున్నాను.

"ఉండాము," అంది. "అదే పెట్టు."

పదకొండు సెకన్లు పట్టేది, ఇప్పుడు పన్నెండు. నాలుగో అర హెడరు పైభాగం ఇది:

ఇది మర రాసింది. చేత్తో ముట్టుకోకూడదు.
ఉండాము, 52: ఈ ఒక్క గీత చేత్తో రాసింది. దస్తగిరమ్మ. మర ముట్టుకోకూడదు.

సాక్షి: మద్దిలేటి

పరుగు 33, తొమ్మిదో రోజు

నేను ఈ పుస్తకం ముట్టుకోవచ్చు, బోర్డులే ముట్టుకోకూడదు. అడిగి కనుక్కున్నాను.

జల్లెడల పని దరిద్రంగా ఉంది. తెల్లారకముందే పైకి పోవాలి, పొద్దెక్కక ముందే దిగాలి. ముక్కులో, చెవుల్లో, పళ్ళ సందుల్లో నాపరాయి దుమ్ము. ఒక్కో జల్లెడ నా అంత ఎత్తు. దులిపినంతసేపూ తిట్టుకుంటున్నాను. కానీ ఈ గాలే నాలుగో అర దాకా పోతుందని ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ గాలి బోర్డుల్లోంచి వస్తుందనుకున్నాను.

నిన్న ఎనిమిదో రోజు. కొట్టంలో అందరూ వచ్చి నాలుగో అర గుమ్మం దగ్గర నిలబడ్డారట. తలుపుకు బండ అడ్డం పెట్టే ఉంచారు. మద్దిలేటన్న చాట పట్టుకుని బిడ్డ పక్కన కూర్చున్నాడట, పొద్దు పోయేదాకా లేవలేదట. మర ఆగలేదు.

ఇవాళ దిగి వచ్చి, మొహం కడుక్కోకుండానే పోయాను. బండ తీసేశారు. అక్క నన్ను చూసి "ఏ గోడలోంచి ఊడిపడినావే" అంది. బిడ్డ నూరు గ్రాములు పెరిగింది. నా చేతులు దుమ్మని ఇవ్వలేదు, దూరం నుంచి చూశాను. కళ్ళు తెరిచింది. ఎటో చూసింది. తిరుగుతున్న మర వైపు అనుకుంటా.

అవ్వ కొట్టంలో ఉంది. మధ్యాహ్నాలు మద్దిలేటన్నకు తన పేర్లు చెబుతోంది, మొండోడు, నిద్రమొహంది, ఏది ఎందుకు మొండిదో అన్నీ. ఆయన రాసుకుంటున్నాడు. పుస్తకం కోసం నేను పోయేసరికి ఇద్దరూ లేరు, తెర వెలుగుతా ఉంది. నట్టనడుమ ముక్కు మచ్చ.

తుడవలేదు.

తొమ్మిదో రోజు. మర తిరుగుతా ఉంది.

సాక్షి: దస్తగిరమ్మ